బాక్టీరియా బొమ్మని టైఫాయిడ్ రిపోర్టు పక్కన పెట్టుకుని చదువు

నీ ప్రశ్న ఇది: "నేను బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) మొదటి సంవత్సరం. బాక్టీరియా కణం బొమ్మ గీయగలను గానీ భాగాల పేర్లు బట్టీపట్టిన రెండు రోజులకే మరిచిపోతున్నాను. గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగెటివ్ ప్రతిసారీ తారుమారవుతున్నాయి. మీసోజోమ్ ఉందని ఒకరు, లేదని ఒకరు చెబుతున్నారు. పోయిన వారం మా తమ్ముడికి టైఫాయిడ్ అన్నారు. రిపోర్టులో ఓ 1:160, హెచ్ 1:160 అని రాశారు. ఆ ఓ, హెచ్ బాక్టీరియా శరీరంలో భాగాలేనని మా సీనియర్ అంటోంది, నిజమేనా?"

నిజమే అమ్మా. నువ్వు చివర్లో అడిగినదే మొదట అడగాల్సిన ప్రశ్న. ముప్పై ఏళ్లకు పైగా మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగంలో పాఠాలు చెప్పాను, ల్యాబు చూసుకున్నాను. ఈ పాఠం మరిచిపోయే పిల్లలందరిలో ఒకటే లోపం కనిపించేది. వాళ్లు చదివేది ఏ బాక్టీరియానీ కాదు. పుస్తకంలో ఉన్న ఆ బొమ్మ అచ్చంగా అలా ఉండే జీవి ఎక్కడా లేదు. ఒకదాని గుళిక, ఇంకొకదాని కశాభం, మరోదాని కణకవచం కలిపి, అన్నీ ఒకచోట చూపించడానికి గీసిన బొమ్మ అది. ఊరూ పేరూ లేని మనిషి ముఖం ఎవరికి గుర్తుంటుంది? అందుకని ఒక్క బాక్టీరియాని పట్టుకో. మీ ఇంటికి వచ్చినదాన్నే పట్టుకో. దాని పేరు సాల్మొనెల్లా టైఫి. దానిలో ఏ భాగం చూసినా ఏదో ఒక పరీక్షకో, మందుకో, టీకాకో పని కల్పించినదే. బయటి నుంచి లోపలికి వెళ్దాం.

ముందు కొలతలు. పొడవు సుమారు 2 నుంచి 5 మైక్రోమీటర్లు, వెడల్పు ఒక మైక్రోమీటరు అటూ ఇటూ. వెయ్యి మైక్రోమీటర్లయితే ఒక మిల్లీమీటరు. నువ్వు ఆయిల్ ఇమ్మర్షన్‌లో వెయ్యి రెట్లు పెద్దది చేసి చూసినా కనిపించేది చిన్న గులాబీ రంగు గీత, అంతే. లోపలి సంగతులేవీ కనిపించవు. 1880లో ఎబెర్త్ ఈ క్రిమిని టైఫాయిడ్‌తో చనిపోయినవాళ్ల కణజాలంలో చూశాడు, 1884లో గాఫ్కీ దాన్ని విడిగా పెంచాడు. వాళ్లకూ ఆ గీత మాత్రమే కనిపించింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావడానికి చాలా ముందే దాని శరీరంలో రెండు మూడు వేర్వేరు భాగాలున్నాయని మాత్రం తెలిసిపోయింది. రోగి రక్తంలోని యాంటీబాడీలు ఆ సంగతి పట్టిచ్చాయి. ఓ, హెచ్ అన్న అక్షరాలు అక్కడివే.

హెచ్ అంటే కశాభాలు, ఫ్లాజెల్లా. టైఫాయిడ్ క్రిమికి ఇవి ఒంటి చుట్టూ ఉంటాయి. ఒక్కొక్కటి కణం కంటే చాలా పొడవు, మందం మాత్రం ఒక మిల్లీమీటరులో యాభై వేలవ వంతు. అందుకే మామూలు స్టెయిన్‌లో కనిపించవు. రసాయనాలు పూసి లావు చేసే ప్రత్యేకమైన స్టెయిన్ వేస్తేనే కనిపిస్తాయి. కశాభం కనిపించకపోయినా దాని పని కళ్లారా చూడొచ్చు. గుంట స్లైడు మీద హ్యాంగింగ్ డ్రాప్ పెట్టి, కాంతి బాగా తగ్గించి చూడు. నీటిబొట్టు అంచున క్రిములు చేపపిల్లల్లా అడ్డదిడ్డంగా దూసుకుపోతుంటాయి. మా అమ్మాయిల్లో చాలామందికి ఈ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టింది ఆ ఒక్క ప్రాక్టికల్‌తోనే.

కశాభం కొరడాలా కొట్టుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. పేరు కూడా అలాగే పెట్టారు, కశ అంటే కొరడానే కదా. కానీ అది గిర్రున తిరుగుతుందని 1970ల మొదట్లో తేలింది. త్వచంలో ఇమిడిన ఒక మోటారు, దానికొక వంకర కొక్కెం, కొక్కేనికి పొడవాటి తీగ. ఈ మోటారు నడిచేది ఏటీపీతో, అంటే కణాలు ఇంధనంలా వాడుకునే అణువుతో కాదు. త్వచం బయట పోగైన ప్రోటాన్లు లోపలికి దూకే ఊపుతో నడుస్తుంది. ఆనకట్ట మీది నీళ్లు కిందికి దూకి టర్బైన్ తిప్పినట్టు. మన శుక్రకణం తోక కూడా ఇంగ్లీషులో ఫ్లాజెల్లమే, కానీ దాని నిర్మాణం పూర్తిగా వేరు. పరీక్షలో ఈ రెంటినీ కలిపేసి, శుక్రకణం తోకలో ఉండే 9+2 గొట్టాల అమరిక రాసి మార్కులు పోగొట్టుకోకు. బాక్టీరియా కశాభంలో ఉండేది ఫ్లాజెలిన్ అనే ప్రోటీన్.

ఆ అక్షరాలు ఎలా వచ్చాయో కూడా చెబుతాను, తెలిస్తే ఇక మరిచిపోవు. ప్రోటియస్ అనే చురుకైన బాక్టీరియా అగార్ పళ్లెం మీద పొరలా పాకుతుంది. చల్లటి అద్దం మీద ఊపిరి వదిలితే మసక కమ్మినట్టు ఉంటుంది. జర్మన్ భాషలో ఊపిరి ఆవిరిని 'హౌఖ్' అంటారు. కశాభాలున్న రకానికి ఆ మాటలోని మొదటి అక్షరం హెచ్ వచ్చింది. కశాభాలు లేక, పాకలేని రకానికి 'హౌఖ్ లేనిది' అన్నారు. 'లేని' అనడానికి జర్మన్‌లో 'ఓనె', అందులోంచి ఓ వచ్చింది. కశాభాలు లేనిదాని మీద ఇక మిగిలేది ఒంటి పైపొర కాబట్టి ఓ అంటే ఆ పొర.

ఆ పొర సంగతి కాస్త తీరిగ్గా చూద్దాం. టైఫాయిడ్ క్రిమి గ్రామ్ నెగెటివ్. అంటే దానికి రెండు త్వచాలుంటాయి, మధ్యలో పల్చటి గోడ. అన్నిటికన్నా బయట ఉన్న బాహ్య త్వచం మామూలు కొవ్వు పొర కాదు. దాని బయటి ముఖమంతా లైపోపాలీశాకరైడ్ అనే పదార్థం గరికలా మొలిచి ఉంటుంది. ఈ గరికకు మూడు భాగాలు. త్వచంలో వేరులా దిగినది లిపిడ్ ఏ, మధ్యలో కోర్, పైన గాలిలోకి లేచిన చక్కెరల గొలుసు. ఆ గొలుసే ఓ యాంటిజెన్, అంటే యాంటీబాడీలు గుర్తుపట్టి పట్టుకునే భాగం. లిపిడ్ ఏ అనేదే ఎండోటాక్సిన్. క్రిమి చచ్చి ముక్కలైనప్పుడు అది రక్తంలోకి విడుదలవుతుంది. మన కణాలు దాన్ని గుర్తించి ఒళ్లు కాల్చేస్తాయి. జ్వరం రావడానికి ఒక ముఖ్యకారణం ఆ కొవ్వు ముక్క. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించమ్మా. బాక్టీరియా ఆ పొరను మనకి జ్వరం తెప్పించడానికి కట్టుకోలేదు. పైత్యరసం లాంటి సబ్బుగుణం ఉన్న పదార్థాలు తన త్వచాన్ని కరిగించకుండా కట్టుకుంది. అందుకే అది పిత్తాశయంలో ఏళ్ల తరబడి హాయిగా బతికి, కొందరిని వాహకులుగా మారుస్తుంది. మెకాంకీ అగార్‌లో బైల్ సాల్ట్స్ ఉన్నా పెరుగుతుంది. స్టాఫిలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ క్రిములను ఆ మీడియం చాలావరకు ఆపేస్తుంది. నువ్వు ల్యాబులో వాడే మీడియం వెనక ఉన్నది కణ నిర్మాణమే.

1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ చేసిన పని, రోగి సీరమ్‌ని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, ఈ క్రిములతో కలిపి అవి గుంపులుగా అతుక్కుంటాయా లేదా అని చూడటం. మీ తమ్ముడి రిపోర్టులోది ఆ విడాల్ పరీక్షే. ఓ 1:160 అంటే సీరమ్‌ని 160 వంతులకు పలచన చేసినా ఆ చక్కెర గరికను పట్టుకునే యాంటీబాడీలు ఇంకా పనిచేస్తున్నాయని. హెచ్ 1:160 అంటే కశాభాలను పట్టుకునేవి. కశాభాలు పొడవు కాబట్టి హెచ్ గుంపులు దూది పింజల్లా వదులుగా ఉంటాయి. ఓ గుంపులు ఒంటికి ఒళ్లు అతుక్కోవడం వల్ల సన్నటి రవ్వలా గట్టిగా ఉంటాయి. ట్యూబులో ఈ తేడా కంటికే తెలుస్తుంది. వీలైతే మీ ల్యాబులో చూపించమని అడుగు.

గరిక మీద ఇంకొక ముసుగు ఉంది. అదే గుళిక, కాప్స్యూల్. టైఫాయిడ్ క్రిమి గుళిక పేరు వీఐ. ఇదీ చక్కెరల గొలుసే. 1934లో ఫెలిక్స్, పిట్ దీన్ని గుర్తించారు. గుళిక గురించి పుస్తకంలో 'రక్షణ' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. దేని నుంచి రక్షణ? ఓ గరికను మన రోగనిరోధక కణాలు ఇట్టే గుర్తుపడతాయి కదా, ఈ ముసుగు దాన్ని కప్పేస్తుంది. క్రిమి గుట్టుగా రక్తంలోకి జారుకుంటుంది.

ఒకసారి మా ల్యాబులో ఒక పీజీ అమ్మాయి బ్లడ్ కల్చర్‌లో పెరిగిన క్రిమికి బయోకెమికల్ పరీక్షలన్నీ చేసింది. అన్నీ టైఫీకి సరిపోయాయి. ఓ యాంటీసీరమ్ (ఓని పట్టుకునే యాంటీబాడీలున్న సీరమ్) వేస్తే మాత్రం గుంపులు కట్టలేదు. ఇది సాల్మొనెల్లా కాదని రిపోర్టు రాయబోయింది. నేను ఆ సస్పెన్షన్‌ని మరుగుతున్న నీళ్లలో పావుగంట పైన ఉంచి, చల్లార్చి, మళ్లీ వెయ్యమన్నాను. ఈసారి స్లైడు మీద క్షణాల్లో రవ్వ కట్టేసింది. వేడికి వీఐ ముసుగు ఊడిపోయింది, కింద దాక్కున్న ఓ బయటపడింది. ఆ రోజు తర్వాత ఆ అమ్మాయికి గుళిక ఎక్కడ ఉంటుందో, లైపోపాలీశాకరైడ్ ఎక్కడ ఉంటుందో మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ముసుగునే టీకాగా మార్చారు కూడా. వీఐ చక్కెరను ఒక్కదాన్నే ఇస్తే రెండేళ్లలోపు పిల్లల్లో సరిగ్గా పనిచెయ్యదు, ఉత్త చక్కెరకు అంత చిన్నపిల్లల రోగనిరోధక వ్యవస్థ సరిగా స్పందించదు. దాన్ని టెటనస్ టాక్సాయిడ్ ప్రోటీన్‌కి కట్టి ఇస్తే ఆరు నెలల పాపకి కూడా పనిచేస్తుంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీ అలాంటిదే. టైఫాయిడ్ కాంజుగేట్ టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ పొందిన మొదటిది అదే, 2017 చివర్లో. ఈ టీకాలో ఓ గానీ హెచ్ గానీ లేవు, వీఐ ఒక్కటే ఉంది. కాబట్టి టీకా వేసుకున్నంత మాత్రాన విడాల్ పాజిటివ్ రాకూడదు. నిర్మాణం తెలిస్తే ఈ ముక్క ఎవరూ చెప్పకుండానే నీకు తట్టాలి.

ఇప్పుడు గోడ. కణకవచం అంటే అసలు అర్థం ఇదే, పెప్టిడోగ్లైకాన్ పొర. ఎన్ఏజీ, ఎన్ఏఎం అనే రెండు చక్కెరలు ఒకటి విడిచి ఒకటి గుచ్చిన దండలు. దండకీ దండకీ మధ్య చిన్న చిన్న అమినో ఆమ్లాల ముడులు. నులక మంచం అల్లిక గుర్తు తెచ్చుకో. అడ్డం, నిలువు రెండూ కలిసి ముడిపడితేనే మంచం మనిషి బరువు మోస్తుంది.

అంత బలం ఎందుకు అంటే, లోపల ఒత్తిడి. కణంలో లవణాలు, ప్రోటీన్లు కిక్కిరిసి ఉండటంతో నీరు ఎప్పుడూ లోపలికి తోసుకొస్తుంది. గ్రామ్ నెగెటివ్ కణాల్లో ఈ ఒత్తిడి ఒకటి నుంచి నాలుగైదు అట్మాస్ఫియర్లు, గ్రామ్ పాజిటివ్‌లో ఇరవై దాకా. సైకిల్ షాపులో ట్యూబుని టైరు లేకుండా గాలి కొట్టగా చూశావా? ఒక పక్క బుడగలా ఉబ్బి పగులుతుంది. ప్లాస్మాత్వచం ఆ ట్యూబు, కణకవచం టైరు. క్రిమి పెరుగుతున్నప్పుడు టైరు కూడా పెరగాలి. అంటే పాత ముడులు కొన్ని విప్పి కొత్త దండలు చేర్చి మళ్లీ ముడి వెయ్యాలి. ఆ ముడి వేసే ఎంజైమ్‌ని పెనిసిలిన్ కుటుంబం మందులు పట్టేసుకుంటాయి. విప్పడం సాగుతుంది, వెయ్యడం ఆగుతుంది. టైరు పలచబడ్డ చోట ట్యూబు ఉబ్బి పగిలిపోతుంది. టైఫాయిడ్‌కి ఆస్పత్రిలో ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ చేసే పని ఇదే. మన కణాలకు గోడే లేదు కాబట్టి ఈ దెబ్బ వాటికి తగలదు. పెరగకుండా నిద్రపోతున్న క్రిములు దానికి లొంగకపోవడానికి కారణమూ ఇదే.

నీకు తారుమారయ్యే గ్రామ్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 1884లో బెర్లిన్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ డాక్టరు హన్స్ క్రిస్టియన్ గ్రామ్, న్యుమోనియాతో పోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో క్రిములు కణజాలంలో కలిసిపోకుండా విడిగా కనిపించాలని ఈ పద్ధతి పెట్టుకున్నాడు. బాక్టీరియాని రెండు జాతులుగా పంచాలన్నది ఆయన ఉద్దేశం కాదు. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్ కలిసి కణం లోపల పెద్ద ముద్ద అవుతాయి. తర్వాత ఆల్కహాల్ పోస్తాం. గ్రామ్ పాజిటివ్ గోడ 20 నుంచి 80 నానోమీటర్ల మందం. ఆల్కహాల్‌కి అందులో నీరు పోయి, అల్లిక బిగుసుకుని, ముద్ద లోపలే ఇరుక్కుపోతుంది. గ్రామ్ నెగెటివ్‌కి బయటి కొవ్వు త్వచం ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, మిగిలిన గోడ నాలుగైదు నానోమీటర్లే, ముద్ద బయటికి కారిపోతుంది. రంగు పోయిన దానికి శాఫ్రనిన్ గులాబీ పూస్తుంది. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. మందం గోడ రంగు వదలదు. వదలనిదాన్ని పాజిటివ్ అన్నారు. ఊదా, గులాబీ అని విడిగా బట్టీపట్టకు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆల్కహాల్ రెండు క్షణాలు ఎక్కువైతే పాజిటివ్ కూడా గులాబీ అయిపోతుంది. పాత కల్చర్‌లో గోడలు శిథిలమై పాజిటివ్‌లే నెగెటివ్‌లా కనిపిస్తాయి. అందుకే అదే స్లైడు మీద పక్కన తెలిసిన స్టాఫిలోకాకస్ ఒక చుక్క, ఈకోలై ఒక చుక్క పెట్టుకుని వెయ్యడం అలవాటు చేసుకో. ఆ రెండూ సరిగ్గా వస్తేనే మూడోది నమ్ము. ఈ అలవాటు లేకుండా రిపోర్టులు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ. అవతల మందు తీసుకునేది రోగి.

గోడ అసలే లేని మైకోప్లాస్మా, గోడ మీద మైకోలిక్ ఆమ్లం అనే మైనం పూసుకున్న క్షయ క్రిమి, ఈ రెండూ గ్రామ్ లెక్కకు అందవు. వాటిని తర్వాతి సెమిస్టరులో చదువుతావు, ఇప్పుడు కలపకు.

బాహ్య త్వచానికి, లోపలి త్వచానికి మధ్య ఖాళీని పెరిప్లాజమ్ అంటారు. ఖాళీ అంటే ఉత్త ఖాళీ కాదు, ఎంజైములతో చిక్కటి జెల్. మందును తునకలు చేసే బీటా లాక్టమేజ్ కాపు కాసేది ఇక్కడే. బాహ్య త్వచంలో పోరిన్లనే చిన్న తలుపులుంటాయి. సెఫ్ట్రియాక్సోన్ వాటిలోంచి దూరగలదు. వాంకోమైసిన్ పెద్ద అణువు, దూరలేదు. కాబట్టి వాంకోమైసిన్ టైఫాయిడ్‌కి పనికిరాదు.

ఇక ప్లాస్మాత్వచం. మన కణానికి మైటోకాండ్రియా ఏం చేస్తుందో బాక్టీరియాకి ఈ త్వచం అది చేస్తుంది. శ్వాసక్రియ గొలుసు ఇందులోనే ఉంటుంది. ప్రోటాన్లను బయటికి తోసి, అవి తిరిగి వచ్చేటప్పుడు ఏటీపీ తయారు చేసుకుంటుంది. ఇందాక చెప్పిన కశాభం మోటారుకి కరెంటు ఇక్కడి నుంచే.

మీసోజోమ్ గొడవ కూడా ఈ త్వచానిదే. త్వచం లోపలికి మడతలు పడి సంచిలా కనిపించడాన్ని 1950లు, 60లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశారు. శ్వాసక్రియ, కణవిభజన దాని పనులని రాశారు. తర్వాత, కణాలను రసాయనాలతో గట్టిపరచకుండా ఒక్కసారిగా గడ్డకట్టించి చూసే పద్ధతి వచ్చింది. అలా చూస్తే ఆ సంచులు లేవు. రసాయనాల వల్ల త్వచం దెబ్బతిని ఏర్పడిన మడతలవి. కాబట్టి ఉంది అన్నవారు పుస్తకం చెప్పారు, లేదు అన్నవారు ప్రయోగం చెప్పారు. పరీక్షలో మీసోజోమ్ విధులు అని అడిగితే పుస్తకంలో ఉన్నది రాసి మార్కులు తెచ్చుకో. కానీ ఆరోగ్యంగా ఉన్న బాక్టీరియాలో అది ఉందని మాత్రం నమ్మకు.

పుస్తకంలో ఉండి నిజంగా లేనిదాని గురించి చెప్పాను కాబట్టి, ఉండి కూడా మామూలు బొమ్మల్లో కనిపించనిదాన్ని కూడా చెప్పాలి. సాల్మొనెల్లాలకి రెండు త్వచాలనూ దాటి బయటికి పొడుచుకొచ్చే ఒక సూది ఉంది. మన పేగు కణానికి ఆనించి, తన ప్రోటీన్లను ఇంజెక్షన్ ఇచ్చినట్టు లోపలికి పంపుతుంది. దాని దెబ్బకి మన కణమే తన ఉపరితలాన్ని ఎగదోసి క్రిమిని లోపలికి లాక్కుంటుంది. 1998లో ఈ సూదిని టైఫీకి దగ్గరి బంధువైన సాల్మొనెల్లా టైఫిమ్యూరియమ్ నుంచి వేరుచేసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపించారు. దాని అడుగు భాగం కశాభం మోటారు అడుగు భాగాన్ని పోలి ఉంటుంది. ఒకే వంశంలోంచి ఒకటి ఈదడానికి, ఒకటి చొరబడటానికి పుట్టాయన్నమాట. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

లోపలికి వస్తే, బొమ్మలో తెల్లగా ఖాళీగా కనిపించేదంతా అబద్ధం. కణద్రవ్యం సంక్రాంతి ముందురోజు బస్టాండులా ఉంటుంది. ఒక మిల్లీలీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉండేంత చిక్కదనం. అందులో వేలకొద్దీ రైబోజోములు, జోరుగా పెరిగే కణంలో అయితే పదుల వేలు. ఇవి 70ఎస్ రకం, 50ఎస్, 30ఎస్ అనే రెండు ముక్కలు కలిసినవి. యాభై, ముప్పై కలిస్తే ఎనభై కదా అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. ఎస్ అనేది బరువు కాదు, గిర్రున తిప్పినప్పుడు ఎంత వేగంగా అడుక్కి దిగుతుందో ఆ కొలత. ఆకారాన్ని బట్టి మారుతుంది కాబట్టి కూడితే సరిపోదు.

మన కణద్రవ్యంలోని రైబోజోములు 80ఎస్. ఆ తేడా లేకపోతే సగం యాంటీబయాటిక్స్ ఉండేవి కావు. టైఫాయిడ్‌కి ఇప్పుడు ఎక్కువగా రాసే అజిత్రోమైసిన్ 50ఎస్ ముక్కలో, కొత్త ప్రోటీన్ బయటికి వచ్చే సొరంగాన్ని అడ్డుకుంటుంది. 1948 నుంచి టైఫాయిడ్ మరణాలను ఒక్కసారిగా తగ్గించిన క్లోరాంఫెనికాల్ కూడా 50ఎస్ మీదే పనిచేస్తుంది. మన మైటోకాండ్రియాలోని రైబోజోములు బాక్టీరియా వాటిని పోలి ఉంటాయి కాబట్టి అది ఎముక మజ్జను కొంత అణిచేస్తుంది. అదే 1948లో, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డుగ్గర్. టెట్రాసైక్లిన్లలో అది మొదటిది, పట్టుకునేది 30ఎస్ ముక్కని. ఆ 30ఎస్ ముక్క అణువణువూ ఎలా ఉంటుందో విప్పిచెప్పినందుకే 2009లో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కి మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

చివరిది కేంద్రకాభం, న్యూక్లియాయిడ్. కేంద్రకం కాదు, దానికి త్వచం లేదు. టైఫాయిడ్ క్రిమి డీఎన్ఏ ఒకటే పెద్ద వలయం, సుమారు 48 లక్షల బేస్ జతలు. సాగదీస్తే 1.6 మిల్లీమీటర్లు. కణం పొడవుని నీ బొటనవేలి గోరు అంత వెడల్పుకు, అంటే ఒకటిన్నర సెంటీమీటర్లకు పెంచావనుకో, ఆ దారం ఎనిమిది మీటర్లు అవుతుంది, చీరన్నర పొడవు. అంత దారాన్ని అంత చిన్న చోట మెలికలు తిప్పి పెట్టాలి, మళ్లీ చదవాల్సిన చోట చిక్కు విప్పాలి. ఆ మెలికల పని చూసే ఎంజైమ్ డీఎన్ఏ గైరేజ్. సిప్రోఫ్లాక్సాసిన్ దాన్ని దారం తెగ్గోసిన స్థితిలోనే బిగించేస్తుంది, అతకనివ్వదు. ఒకప్పుడు టైఫాయిడ్‌కి ఆ మాత్రే రాసేవాళ్లు. గైరేజ్ జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, మందు పట్టు సడలిపోతుంది. మన దక్షిణాసియాలో తిరుగుతున్న టైఫాయిడ్ క్రిముల్లో ఎక్కువ భాగం ఆ మార్పు తెచ్చుకున్నాయి. అందుకే సిప్రో వెనక్కి పోయి అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ ముందుకొచ్చాయి.

వలయం పక్కన బొమ్మలో చిన్న ఉంగరంలా గీస్తావే, ప్లాస్మిడ్, దాన్ని చిన్నచూపు చూడకు. క్రిమి బతకడానికి అది తప్పనిసరి కాదు. కానీ ఒకదాని నుంచి ఇంకొకదానికి, వేరే జాతికి కూడా, చేతులు మారగలదు. 1972లో మెక్సికోలోనూ మన కేరళలోనూ క్లోరాంఫెనికాల్‌కి లొంగని టైఫాయిడ్ చెలరేగింది ప్లాస్మిడ్ల వల్లే. 2016 నుంచి పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్ నగరంలో మొదలైన టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్‌కీ లొంగలేదు. పేరు చూసి మన హైదరాబాద్ అనుకోకు. ఆ క్రిమి సంపాదించుకున్న ఒక ప్లాస్మిడ్‌లో సీటీఎక్స్-ఎం-15 అనే బీటా లాక్టమేజ్ జన్యువు ఉంది. నోటితో వేసుకునే మందుల్లో అక్కడి వైద్యులకు గట్టిగా మిగిలింది అజిత్రోమైసిన్. బొమ్మలో మనం పట్టించుకోని ఆ ఉంగరం అంత పని చేసింది.

టైఫీలో లేనిదాన్ని కూడా రాసుకో. దానికి ఎండోస్పోర్, అంటే వేడినీ ఎండనీ తట్టుకునే గట్టి నిద్రావస్థ రూపం, లేదు. స్పోర్లు ఉండేది ధనుర్వాతం క్రిమి, ఆంత్రాక్స్ క్రిమి లాంటివాటికి. వాటిని చంపడానికి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు కావాలి. టైఫాయిడ్ క్రిమి మరిగిన నీళ్లకే చస్తుంది. మీ ఇంట్లో ఇప్పుడు నీళ్లు కళపెళ మరిగించి తాగండి, అది చాలు.

తమ్ముడి రిపోర్టు గురించి ఒక మాట. ఒక్కసారి చేసిన విడాల్‌తో టైఫాయిడ్ అని ఖాయంగా చెప్పలేం. పాత ఇన్ఫెక్షన్ వల్ల, పోలిక ఉన్న వేరే క్రిముల వల్ల కూడా మన ప్రాంతంలో చాలామందికి ఆ యాంటీబాడీలు ఉంటాయి. నమ్మదగినది బ్లడ్ కల్చర్, అది కూడా యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీసినది. కల్చర్ పంపారా అని డాక్టరు గారిని మర్యాదగా అడుగు. పంపకపోయినా మొదలుపెట్టిన మందు మీ అంతట మీరు ఆపొద్దు, మార్చొద్దు. ఆయన రాసిన రోజులన్నీ పూర్తి చెయ్యాలి.

బొమ్మ గీసేటప్పుడు ఈసారి పెన్సిల్‌తో లోపలి నుంచి మొదలుపెట్టు. ముందు చిక్కుపడ్డ దారం, పక్కన ఉంగరం, చుట్టూ రైబోజోముల చుక్కలు నిండుగా. దాని మీద త్వచం, పల్చటి గోడ, మళ్లీ త్వచం, గరిక, పైన ముసుగు, చివర కశాభాలు. ఒక్కో గీత పక్కన పేరుతో పాటు అక్కడ పట్టే మందో, పరీక్షో రాయి: గైరేజ్ దగ్గర సిప్రో, చుక్కల దగ్గర అజిత్రో, గోడ దగ్గర సెఫ్ట్రియాక్సోన్, గరిక దగ్గర ఓ, ముసుగు దగ్గర టీకా, కశాభం దగ్గర హెచ్. గీసి ఇక్కడ పెట్టు, తప్పులుంటే దిద్దుతాను.